ముందు ఇరుసు మా ఆయనది

గోడకవతల ఏదో బండి చచ్చిపోతోంది.

ముందు ఇనుము మూలిగింది. తర్వాత అద్దాలు చిట్లాయి. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ క్రేను కదిలిన చప్పుడు. అంటే ఇంకో బండి వంతు వచ్చిందన్నమాట.

తనిఖీ మైదానానికీ తుక్కు యార్డుకీ మధ్య ఒకే గోడ. ఆ గోడకో గేటు. గేటు బార్లా తీసి ఉంది. తనిఖీలో తప్పిన బండిని మళ్ళీ రోడ్డెక్కనివ్వరు. క్రేను అటునుంచటే లాక్కుపోతుంది.

"అక్కా, మీ ఆయనకి చెప్పు. ముందు చక్రాల నట్లు బిగించాడో లేదో ఓసారి చూసుకోమను" అన్నాడు మా తమ్ముడు.

మా ఆయన వాడి పక్కనే నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపితే వాడి చెవి అందుతుంది.

"నీ తమ్ముడికి చెప్పు. నా నట్ల సంగతి నాకు తెలుసు. వాడి వెనక తలుపు దారిలో ఊడిపోకుండా ఉంటే చాలు" అన్నాడు మా ఆయన.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొద్దున్నుంచీ ఇదే వరస. పొద్దున్నుంచీ ఏమిటి, వానలు మొదలవకముందు నుంచీ ఇదే వరస. ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి నా నోరు అరిగిపోయింది.

బండి గురించి చెప్పాలి. అది మా నాన్న ఎప్పుడో సైన్యం వేలంలో కొన్న ఫోర్‌వీల్ బండి. ఇంట్లో దాని పేరు మొండిఘటం. పొద్దున్నే స్టార్టవదు, స్టార్టయితే ఆగదు. నాన్న పోయేముందు దాన్ని నా పేర రాశాడు. ఎందుకంటే నాకే దాంతో పని. నా మొక్కల నర్సరీ ఊరవతల కొండ మీద ఉంది. ఊటనీళ్ళు, చల్లగాలి, మొక్కలకి అంతకన్నా ఏం కావాలి? దారే శాపం. నాలుగు చక్రాలూ కలిసి లాగే బండి తప్ప మరోటి ఆ బురద ఎక్కదు. కొత్త ఫోర్‌వీల్ బండ్లు ఎక్కుతాయి కానీ కొండమలుపులో పట్టవు. ట్రాక్టర్ల వాళ్ళు ఆ మలుపు చూసి, నన్ను చూసి, దండం పెట్టి వెనక్కి తిరుగుతారు. మొండిఘటం ఉంటే నర్సరీ ఉంటుంది. అది ఆ గేటు దాటితే నా నర్సరీకి నేనే తాళం వేసుకోవాలి.

అంతలో పాత బండ్లన్నీ తుక్కుకి పోవాలని కొత్త నిబంధన వచ్చింది. ఒక్క మినహాయింపు ఉంది. తయారైనప్పుడు ఏమేం చేసేదో అవన్నీ ఇప్పటికీ చేయగలిగే బండికి ఏడాది పర్మిట్ ఇస్తారు. ఫోర్‌వీల్ బండి అయితే నాలుగు చక్రాల మీదా తనిఖీ గుట్ట ఎక్కి చూపించాలి. రెండుసార్లు ప్రయత్నించవచ్చు. మూడోసారంటూ లేదు. ఇవాళే ఆఖరి రోజు.

"బండిని కొత్తగా చేసి నీ చేతిలో పెడతాం, నువ్వు బెంగపెట్టుకోకు" అన్నారు బావా బావమరుదులిద్దరూ. నేను నమ్మాను. ఆ రోజు నా బుర్ర ఎటుపోయిందో తెలీదు.

మా ఆయనది కళ్ళజోళ్ళ షాపు. ఒక స్క్రూ బిగించడానికి మూడుసార్లు ఆలోచిస్తాడు. మా తమ్ముడు లిఫ్టులు బిగించే పని చేస్తాడు. స్క్రూ బిగించాక ఆలోచిస్తాడు. ఇద్దరూ కలిసి బండిని మా వెనక పెరట్లో రేకుల షెడ్డులో విప్పారు. మొదటి వారం పాటలు పాడుకున్నారు. రెండో వారం పంతొమ్మిదో నంబరు పానా కనబడకుండా పోయింది.

ఒక్క పానా. అది మా ఆయన పెట్టెలోదని ఆయనంటాడు, తన పెట్టెలోదని వాడంటాడు. "తీసింది నువ్వే" అంటే "పోగొట్టింది మీరే". అక్కడి నుంచి మాట పెరిగి, మా తమ్ముడి వెల్డింగు పిచ్చుక గూడులా ఉందని మా ఆయన అన్నాడు. మా ఆయన పని చూస్తే బండికి కళ్ళజోడు పెట్టేట్టున్నాడని మా తమ్ముడన్నాడు. ఆ సాయంత్రం నుంచీ మాటల్లేవు.

మాటల్లేకపోతే పోయె, పని ఆపారా అంటే అదీ లేదు. బండిని పంచుకున్నారు! షెడ్డు నేల మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీశారు. గీతకి ముందున్నది మా ఆయనది: ఇంజను, ముందు ఇరుసు, ముందు చక్రాలు. వెనకున్నది మా తమ్ముడిది: వెనక ఇరుసు, వెనక చక్రాలు, పెట్రోలు ట్యాంకు. ఒకరోజు పెట్రోలు గొట్టం బిగించాల్సి వచ్చింది. అది ట్యాంకు దగ్గర మొదలై ఇంజను దగ్గర ఆగుతుంది. గీత దగ్గర రెండు ముక్కలు చేసి, మధ్యలో క్లిప్పు పెట్టి, ఎవరి ముక్క వాళ్ళు బిగించుకున్నారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు.

సరిగ్గా ఆ గీత మీద గేర్‌బాక్సు ఉంది. దాని వెనకే ఇంకో చిన్న పెట్టె. ఇంజను బలాన్ని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పంచేది అదే. దాన్నెవరు చూడాలి? వారం రోజులు ఎవరూ ముట్టుకోలేదు. చివరికి నేనే పాత చీర కట్టుకుని కిందకి దూరి, మురికి గీకి, నూనె మార్చి, బోల్టులు బిగించి బయటకొచ్చాను.

"అమ్మయ్య, మధ్యది అయిపోయింది" అన్నారు ఇద్దరూ. ఒకరితో ఒకరు కాదు, నాతో.

ఈ లోపు వానల్లో నా మొక్కలు మోసిందెవరు? నేనూ, నా దగ్గర పనిచేసే ఇద్దరాడవాళ్ళూ. కుండీలు తట్టల్లో పెట్టుకుని, బురదలో మోకాళ్ళ దాకా దిగి. నడుం ఇప్పటికీ పట్టేస్తూనే ఉంది.

మొన్న పని పూర్తయింది. బండిని నాలుగు వైపులా స్టాండ్ల మీద లేపి, ఫోర్‌వీల్ వేసి, నన్ను పిలిచి చూపించారు. నాలుగు చక్రాలూ గాల్లో జోరుగా తిరిగాయి. మా ఆయన ముందు చక్రాలు చూసి మురిసిపోయాడు. మా తమ్ముడు వెనక చక్రాలు చూసి మురిసిపోయాడు. కింద ఎక్కడో ఏదో గలగలమంటోంది.

"ఏమిటా చప్పుడు?" అన్నాను.

"వెనకనుంచి" అన్నాడు మా ఆయన.

"ముందునుంచి" అన్నాడు మా తమ్ముడు.

ఇదీ కథ. ఇప్పుడు మైదానంలో మా బండి వరసలో ఆఖరిది.

మా ముందు లెక్కల మాస్టారి బండి ఉంది. రిటైరయ్యాక ఆయన ఇంకే లెక్కలూ చేయలేదు, ఆ బండినే తుడుస్తూ కూర్చున్నాడు. ఆకుపచ్చ రంగు, అద్దంలా మెరుస్తుంది. అది బుద్ధిగా గుట్ట ఎక్కి, బుద్ధిగా దిగింది. మాస్టారు దిగి, రుమాలు తీసి, చక్రానికంటిన దుమ్ము తుడిచాడు.

"ఏమ్మాయ్, నీ బండేమిటి గిలక్కాయలా మోగుతోంది?" అన్నాడు.

"పసిబిడ్డ కదా మాస్టారూ, ఆడుకుంటోంది" అన్నాను.

తనిఖీ అధికారి గొడుగు కింద నిలబడి తుమ్ముతున్నాడు. పాపం, జలుబు. దుమ్ము, పొగ, గోడకవతల నుంచి వచ్చే ఇనుప వాసన. ఆయన మొహం చూస్తే ఈ పాత బండ్లన్నిటినీ ఒకే దెబ్బకి నలిపేసి ఇంటికెళ్ళి పడుకోవాలని ఉన్నట్టుంది.

"ఓనరెవరు?"

"నేనండీ."

ఆయన నా వెనకున్న ఇద్దర్నీ చూశాడు. ఇద్దరూ ఛాతీ విరుచుకుని, ఒకడు బానెట్టు మీదా, ఒకడు వెనక తలుపు మీదా చెయ్యేసుకుని నిలబడ్డారు.

"మరి వీళ్ళు?"

"రిపేరు చేసినవాళ్ళు. ఇటువైపాయన మా ఆయన, అటువైపు వాడు మా తమ్ముడు."

"ఓనరే నడపాలి" అని తుమ్మి, గుట్ట వైపు చెయ్యి చూపించాడు.

గుట్టకి రెండు దారులున్నాయి. ఎడమది సిమెంటు దారి, నిటారుగా, గట్టిగా. కుడిది మట్టి దారి. రాత్రి వానకి నీళ్ళు నిలిచి బురదైపోయింది. పొద్దున్నుంచీ ఒక్క చక్రం కూడా అటు వెళ్ళినట్టు లేదు. అందరూ సిమెంటు మీదే ఎక్కారు. నేనూ అటే తిప్పాను.

"అక్కా, ఇంజను ముక్కితే భయపడకు. అది మీ ఆయన పనితనం" అని అరిచాడు తమ్ముడు.

"నువ్వు నడుపు. వెనకేదైనా ఊడితే నేను ఏరుకొస్తాను" అన్నాడు మా ఆయన.

పళ్ళు కొరికి, ఎర్రగుండీ ఉన్న చిన్న లివరు లాగాను. ఫోర్‌వీల్ పడింది. క్లచ్ వదిలాను.

మొదట్లో బాగానే ఎక్కింది. నా గుండె కాస్త కుదుటపడింది. అంతలోనే బండి వణికింది. ఎవరో ముందునుంచి పట్టుకుని ఆపుతున్నట్టు, ఇంకెవరో వెనకనుంచి నెడుతున్నట్టు. స్టీరింగు చేతుల్లో బిగుసుకుపోయింది. తర్వాత బండి ఎగిరింది. నిజంగానే ఎగిరింది, కప్పలా! ఒక గెంతు, రెండో గెంతు. కింద నేను బిగించిన మధ్య పెట్టె కీచుమంది. ఆ కీచు నా పళ్ళలో దిగింది. ఇంకో గెంతుకి టంగుమని ఏదో ఊడి సిమెంటు మీద పడింది. ఇంజను ఆగిపోయింది.

సగం గుట్ట మీద, బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టి, నేను.

గోడకవతల క్రేను కూడా ఆగింది. క్రేను డ్రైవరు కిటికీలోంచి మెడ సాచి మా బండి వైపు చూశాడు. కాటికాపరి చూపు.

ఫోర్‌వీల్ లివరు వెనక్కి తీయబోయాను. రాలేదు. రెండు చేతులతో లాగినా కదల్లేదు. పెట్టె లోపల గేరు పళ్ళు ఒకదాన్నొకటి కరుచుకుని కూర్చున్నాయి. స్టార్టు చేసి, మెల్లగా వెనక్కి దింపితే, టక్కుమని వదిలింది. ఈ గొడవ నేనెరగనిది. కొండ మీద ఇన్నేళ్ళు తోలాను, ఈ బండి ఎన్ని వేషాలు వేసినా ఈ వేషం ఎప్పుడూ వేయలేదు.

కిందకొచ్చేసరికి తనిఖీ అధికారి చేతిలో ఒక పానా ఉంది. గొడుగు చంకలో పెట్టుకుని దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఇది మీ బండిలోంచి పడింది. ఇది కూడా బండి భాగమేనా?"

పంతొమ్మిదో నంబరు.

"నా పానా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"అక్కా, చూశావా? ముందు వైపు నుంచి పడింది! అక్కడే పెట్టి మర్చిపోయాడు!"

"నీ తమ్ముడికి కళ్ళు కనబడకపోతే షాపుకి రమ్మను. వెనకనుంచి పడింది, ఛాసిస్ గొట్టంలోంచి!"

"మధ్యలోంచి పడింది" అన్నాడు అధికారి నీరసంగా. "అమ్మా, ఒక ప్రయత్నం అయిపోయింది. ఇంకొకటుంది. ఆలోచించుకోండి. నేను ముక్కులో చుక్కలు వేసుకుని వస్తాను."

ఆయన అటు వెళ్ళాడో లేదో వీళ్ళిద్దరూ మొదలెట్టారు. వెనక చక్రాలు తిన్నగా లేవని ఒకరు, ముందు ఇరుసు బిగుసుకుపోయిందని ఒకరు. అంతా నా మొహం మీదే. ఇటు తిరిగితే ఒకరి మాట, అటు తిరిగితే ఇంకొకరి మాట. "నీ తమ్ముడికి చెప్పు." "మీ ఆయనకి చెప్పు." గోడకవతల ఇనుము మూలుగుతోంది.

"చాలు!" అని అరిచాను. మాస్టారి చేతిలోంచి రుమాలు జారిపోయింది. "ఇంక ఒక్క మాట కూడా నేను మొయ్యను. మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా తీగనా? అడగాల్సింది నేనడుగుతాను. అడిగిందానికే చెప్పండి. మొన్న ఫోర్‌వీల్ వేసి చూశామన్నారు. ఎక్కడ చూశారు?"

"షెడ్డులో" అన్నాడు తమ్ముడు.

"స్టాండ్ల మీద. నువ్వూ చూశావుగా" అన్నాడు మా ఆయన.

"నేల మీద?"

ఇద్దరూ చక్రాల కింద నేల వైపు చూశారు. మాస్టారు తన బండిని వదిలి రెండడుగులు ఇటేశాడు. వింటున్నాడు. వింటే విన్నాడు.

"కింద బాగా పాడైనవేమిటి? మీరేం మార్చారు?" మా ఆయన్ని అడిగాను.

"ముందు ఇరుసు డబ్బాలో పళ్ళచక్రాల జత అరిగిపోయింది. మార్చాను."

"పాత పళ్ళ లెక్కదే వేశారా?"

మా ఆయన మొహంలో వెలుగొచ్చింది. అడగక అడగక అడిగారన్న వెలుగు. "లేదు. ఇంకా మంచిది. పళ్ళు ఎక్కువున్న జత. చక్రం నిదానంగా తిరుగుతుంది, బలం ఎక్కువ. కొండెక్కడానికి నీకు సుఖంగా ఉంటుందని వెతికి వెతికి తెప్పించాను. ఆఖర్న చెబుదామని..."

"నీకేం? వెనక?" తమ్ముడి వైపు తిరిగాను.

వాడు మా ఆయన్ని చూశాడు. మా ఆయన వాణ్ణి చూశాడు.

"నాది..." అన్నాడు వాడు. గొంతు తగ్గింది. "నేనూ మార్చాను. నేను వేసింది పాత లెక్కదే."

బండి అడుగున ఒక్క రోజు దూరినవాళ్ళకైనా అర్థమవుతుంది. ముందు చక్రాలు నిదానంగా తిరగాలంటున్నాయి. వెనకవి తొందరగా తిరగాలంటున్నాయి. మధ్యలో ఉన్న నా పెట్టె రెండిటినీ కలిపి కట్టేసింది. గాల్లో తిరిగినంతసేపూ ఎవరి వేగం వాళ్ళది, గొడవే లేదు. గట్టినేల మీద ఆనించగానే వెనకది తోస్తుంది, ముందుది రానంటుంది. కప్పగెంతులు వెయ్యక ఏం చేస్తుంది?

"ఒక్క మాట" అన్నాను. "'ఒరేయ్, నేను వేరే పళ్ళు వేస్తున్నాను' అని మీరు ఒక్క మాట. 'బావా, నేను పాతవే వేస్తున్నాను' అని నువ్వు ఒక్క మాట. ఒకే షెడ్డులో, ఒకే దీపం కింద, ఒకరి కాళ్ళు ఒకరికి తగులుతూ ఇన్నాళ్ళు పని చేశారే! పానా కోసం పోట్లాడుకున్నారే! ఆ పానా మీ ఇద్దరి నెత్తినా పడాల్సింది."

"అంటే నేనూ..." అని మొదలెట్టాడు మా ఆయన.

"మాట్లాడకండి."

"అక్కా, ఇప్పుడు విప్పి మార్చాలంటే..."

"నువ్వు అసలే మాట్లాడకు."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "సిమెంటు మీద లాభం లేదమ్మాయ్. చక్రం జారదు కదా. జారే వీలే లేకపోతే ఆ తేడా అంతా వెళ్ళి లోపలి పళ్ళ మీద పడుతుంది. ఇంకోసారి అటే వెళ్తే ఏదో ఒకటి విరుగుతుంది."

జారే వీలు.

కుడివైపు చూశాను. బురద. నా నర్సరీ దారిలో ఉండేలాంటి బురద: ఎర్రటిది, జిగటది, పైన నీళ్ళు, కింద మెత్తన. ఒకవైపు కట్ట, ఇంకోవైపు లోతైన కాలువ. అందరూ భయపడి వదిలేసిన దారి. బురదలో చక్రం జారుతుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ ఎంత తేడా ఉన్నా, ఆ తేడాని బురద మింగేస్తుంది. జారడం ఎక్కువైతే మాత్రం బండి కాలువలో ఉంటుంది. అక్కణ్ణుంచి క్రేనుకి తియ్యడం ఇంకా తేలిక.

అధికారి ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమండీ, మట్టిదారిన ఎక్కితే లెక్కకొస్తుందా?" అన్నాను.

ఆయన బురద వైపు చూశాడు, నన్ను చూశాడు. "ఏ దారైనా గుట్ట గుట్టే. నాలుగు చక్రాల మీదా పైకి రావాలి. కానీ అమ్మా, అటు ఇవాళ ఎవరూ..."

"నేను రోజూ వెళ్ళేది అలాంటి దారే."

చక్రాల దగ్గర కూర్చుని గాలి తీయడం మొదలెట్టాను. టైరు కాస్త మెత్తబడితే బురదలో పాదంలా పరుచుకుంటుంది. ఇది నాకు కొండ నేర్పింది.

"అయ్యో, నా ముందు టైర్లు!" అన్నాడు మా ఆయన.

"అక్కా, వెనకవాటిలో మరీ అంత తియ్యకు!"

"ఇద్దరూ ఎక్కండి" అన్నాను.

"ఎక్కడ?"

"వెనక. నాకు బరువు కావాలి. మీ ఇద్దరి వల్లా ఇవాళ జరిగే మంచి అదొక్కటే."

మా ఆయన సుద్దగీత దాటి తమ్ముడి భాగంలో అడుగు పెట్టడం అదే మొదలు. ఎటు కూర్చోవాలో తెలీక ఒకరి మోకాలు ఒకరు తన్నుకున్నారు. "కొంచెం జరుగు." "ఎక్కడికి జరగను, బయటికా?" ఆ మాటలు నా ద్వారా రాలేదని వాళ్ళిద్దరూ గమనించలేదు. నేను గమనించాను. సంతోషించడానికి మాత్రం తీరికలేదు.

ఎర్రగుండీ లివరు లాగి, తక్కువ గేరులో బురదలోకి దించాను.

ముందు చక్రాలు దిగబడ్డాయి, పట్టుకున్నాయి. వెనకవి గిర్రున తిరిగి, బురద చిమ్మి, అవీ పట్టుకున్నాయి. బండి ముక్కుతూ కదిలింది. గెంతు లేదు. వెనక చక్రాలు కొంచెం కొంచెంగా జారుతూనే ఉన్నాయి, ముందువాటితో కలవలేక, విడిపోనూ లేక. జారనీ! స్టీరింగు వేళ్ళతో పట్టుకున్నాను, పిడికిలితో కాదు. బురదలో బండిని బిగబట్టకూడదు.

"స్పీడు పెంచు! పెంచు!" అన్నాడు తమ్ముడు వెనకనుంచి.

"తగ్గించు! నిదానం!" అన్నాడు మా ఆయన.

"ఆగిపోతుందక్కా!"

"కాలువలో పడతాం!"

వెనక భాగం కాలువ వైపు జారింది. అద్దంలో కాలువ నీళ్ళు కనబడ్డాయి, ఆ వెనక గోడ, గోడ మీద క్రేను కొక్కెం.

"నోరు ముయ్యండి ఇద్దరూ!"

నోళ్ళు మూతపడ్డాయి. ఇప్పుడు వినబడింది నాకు కావలసింది. ఇంజను చప్పుడు, దాని కింద నా పెట్టె చప్పుడు. కీచు లేదు. ఎప్పుడూ ఉండే ఆ ముసలి మూలుగే. అది మూలుగుతున్నంతసేపూ బతికే ఉన్నట్టు. బ్రేకు ముట్టుకోలేదు. స్టీరింగు జారుతున్న వైపే కాస్త తిప్పి, అది సర్దుకునేదాకా ఆగి, మెల్లగా పైకి తెచ్చాను. ఎడమ వెనక చక్రం అంచు మీద ఒక్క క్షణం ఊగింది. ఏదో రాయి దొరికింది దానికి. దాన్ని తన్ని పైకొచ్చేసింది.

తర్వాత అంతా ఆకాశమే. గుట్ట పైన ఉన్నాం.

కిందనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. మాస్టారనుకుంటాను. క్రేను డ్రైవరు మెడ లోపలికి లాక్కున్నాడు.

అధికారి సిమెంటు దారిన నడిచి పైకొచ్చేసరికి ఆయాసంతో వంగిపోయాడు. బండి చుట్టూ తిరిగాడు. నాలుగు చక్రాలకీ బురద ఉందా, నాలుగూ తవ్వుకుంటూ వచ్చాయా అని వంగి చూశాడు. ఉంది. ఒంటి నిండా ఉంది.

"ఎక్కింది" అన్నాడు. "కానీ ఆ మొదటిసారి వేసిన గంతులేమిటో కనుక్కోండి. మళ్ళీ ఏడాది వస్తారుగా, సిమెంటు మీద ఎక్కించి చూస్తాను." ముందు అద్దం మీద పర్మిట్ చీటీ అంటించి, గొడుగు తెరుచుకుని దిగిపోయాడు.

నేను స్టీరింగు మీద తల ఆనించాను. నర్సరీలో నిమ్మ మొక్కలు, కుండీలు, అమ్మకానికి ఎదురుచూస్తున్న అంటుమొక్కలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఈ సాయంత్రమే ఓ లోడు దించవచ్చు. తట్టలతో పనిలేదు.

వెనక ఎవరో ముక్కు ఎగబీల్చారు. వీళ్ళకీ కళ్ళు చెమ్మగిల్లాయేమో అనుకున్నాను. ఎంతైనా మనవాళ్ళు కదా అనుకున్నాను.

"ఇంటికెళ్ళగానే వెనక పళ్ళు మార్చెయ్యాలి. నాలాంటి జత ఇంకోటి తెప్పిస్తా" అన్నాడు మా ఆయన.

"వెనకవా? ఎందుకు బావా? సరైన లెక్క నాది. మార్చాల్సింది మీ ముందువి."

"నావి బలమైనవిరా!"

"బలం ఎవడిక్కావాలి? రోడ్డు మీద నత్తలా పోవడానికా?"

"నత్తా? నీ వెల్డింగు కన్నా..."

"ఆ పిచ్చుక గూడు మీదే కదా ఇప్పుడు కూర్చున్నారు!"

హ్యాండ్‌బ్రేకు లాగాను. దిగాను. వెనక తలుపు తీశాను. అది ఊడి నా చేతిలోకొచ్చింది. దాన్ని పక్కన నేల మీద పెట్టాను.

"దిగండి."

"ఏమిటే?" అన్నాడు మా ఆయన.

"దిగండి ఇద్దరూ."

దిగారు. అధికారి తిరిగిచ్చిన పానా నా సీటు మీద ఉంది. దాన్ని తీసి ఇద్దరి మధ్యా చాపాను. ఇద్దరూ చెరో చివరా పట్టుకున్నారు.

"బండి నాది. ఏ పళ్ళున్నా నాకొకటే, ముందూ వెనకా ఒకేలా ఉండాలి. ఈ పానా ఒకటే ఉంది. ఏ ఇరుసు విప్పాలో మీరిద్దరూ మాట్లాడుకోండి. తేలాక ఇంటికి రండి. వచ్చేటప్పుడు ఆ తలుపు పట్టుకురండి."

"నడిచా?" అన్నారు ఇద్దరూ.

"ఇన్నాళ్ళూ నేను నడిచాను."

ఫోర్‌వీల్ తీసేశాను. లివరు ఈసారి మారాం చెయ్యకుండా వచ్చింది. సిమెంటు దారిన దిగి, మాస్టారి దగ్గర పంపు అడిగి టైర్లకి గాలి నింపుకుని, మైదానం దాటి రోడ్డెక్కాను. గలగల లేదు. ఇన్నాళ్ళకి మొండిఘటం చప్పుడు చెయ్యకుండా పోతోంది.

మలుపులో అద్దంలోకి చూశాను. వెనక తలుపు చెరోవైపు పట్టుకుని ఇద్దరూ గుట్ట దిగుతున్నారు. ముందు మా ఆయన నిదానంగా, వెనక మా తమ్ముడు తొందరగా. వీడు తోస్తున్నాడు, ఆయన ఆగమంటున్నాడు. పానా ఎవరి చేతిలో ఉందో కనబడలేదు.

ఫోను మోగింది. తమ్ముడు.

"అక్కా, బావకి చెప్పు, కొంచెం తొందరగా..."

"పక్కనే ఉన్నాడుగా. నువ్వే చెప్పు" అని పెట్టేసి, బండిని కొండ వైపు తిప్పాను.